పనస చెక్కకు అల్యూమినియం తొడుగు: నాట్ ఫైటర్ పోలికలో బేస్ గిటార్, పని డైరీ

మే 9. ఏది కావాలి, ఏది వద్దు

నాలుగు తీగలు, 34 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు), ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ మోడల్ తరహా ఎలక్ట్రిక్ బేస్ గిటార్. ఒంటికి పెయింటు ఉండదు. 1965లో మన వాయుసేన నడిపిన ఫోలండ్ నాట్ ఫైటర్లలాగా రంగు వేయని అల్యూమినియం, దాని మీద పానెల్ గీతలు, రివెట్ చుక్కలు, మూడు రంగుల రౌండెల్, అంటే విమానం మీది గుండ్రటి దేశ చిహ్నం. వెండి రంగు స్ప్రే కొడితే ఒక్క రోజులో తేలిపోయే పనే. కానీ ఆ వెండి ఎంత నున్నగా కొట్టినా స్టీలు బీరువాలాగే కనిపిస్తుంది. అందుకే నిజం రేకు.

ఏ విమానం అన్నదాని మీద కాసేపు వాదన నడిచింది. అందంలో స్పిట్‌ఫైర్‌ను కొట్టేది లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ దాని రెక్క అండాకారం, ఒంటి మీది రేకులు చాలావరకు రెండు దిక్కులా వంగినవి, పైగా శత్రువును మభ్యపెట్టే యుద్ధకాలపు రంగులు. గిటార్ బల్లపరుపు ఒంటి మీద ఆ సొగసు రాదు. నాట్ సంగతి వేరు. 1955 జూలైలో తొలిసారి ఎగిరింది. రెక్కల కొస నుంచి కొసకు 7 మీటర్లకు లోపే, పొడవు దాదాపు 9 మీటర్లు, ఒక్క ఆర్ఫియస్ జెట్ ఇంజను, గాలి లోపలికి పోయే మూతుల పక్కన రెండు 30 మి.మీ. ఏడెన్ ఫిరంగులు. బెంగళూరులో హెచ్.ఏ.ఎల్. (ప్రభుత్వ విమాన తయారీ సంస్థ) వాళ్లు మన దగ్గరే కట్టారు. డిజైనర్ పెట్టర్ పట్టుదలంతా తగ్గించడం మీదే. ఎయిర్‌బ్రేకులని వేరే పెట్టలేదు. చక్రాలను కొంత దించితే వాటి తలుపులే గాలికి అడ్డం పడి ఆ పని చేసేవి.

ప్రెసిషన్ బేస్ కూడా అదే కాలంది, అదే బుద్ధిది. లియో ఫెండర్ 1951లో తెచ్చినప్పుడు మెడను ఒంటికి అంటించలేదు, నాలుగు స్క్రూలతో బిగించాడు. చెడితే విప్పి వేరేది వేసుకో. 1957లో రెండు ముక్కల పికప్ (తీగ కంపనాన్ని కరెంటుగా మార్చే కాయిల్) వచ్చింది, దాంతోపాటు బంగారు రంగు అనోడైజ్ అల్యూమినియం, అంటే కరెంటుతో పైన గట్టి ఆక్సైడ్ పొర ఎక్కించిన రేకుతో, ఒంటికి గీతలు పడకుండా కాపాడే పిక్‌గార్డు కూడా. అంటే ఈ వాయిద్యానికి అల్యూమినియం కొత్త చుట్టం కాదు.

ఒంటి ఆకారం 1951ది: పలక పలకగా, ముందువెనకల గుంటలు లేకుండా. రేకు ఒక దిక్కుకు వంగుతుంది గానీ, గిన్నె ఆకారానికి సాగదీస్తే చిరుగుతుంది. చెయ్యి ఆనే చోట మాత్రం ఏటవాలు కోత ఒకటి. పికప్ 1957 తరహాది. 1951 నాటి ఒకే కాయిల్ పికప్‌తో కరెంటు రొద భరించలేం.

మే 12. చెక్క

కొండపల్లి బొమ్మల తెల్లపొణికి పక్కనే దొరుకుతుంది, తేలిక, ఉలికి వెన్నలా తెగుతుంది. ఆశ పుట్టించేదే కానీ పనికిరాదు. నాలుగు తీగల లాగుడు కలిపితే సుమారు 75 కిలోలు. ఆ భారాన్ని అయిదు బ్రిడ్జి (తోక వైపు తీగలు ఆనే లోహపు పలక) స్క్రూలు, నాలుగు మెడ స్క్రూలు మోయాలి. పొణికిలో స్క్రూ పట్టు నిలవదు. పనస తీసుకున్నాం. నూజివీడు, బొబ్బిలి వీణలు చెక్కేది దీంతోనే, కాబట్టి తీగ లాగుడు దానికి అలవాటే.

సామిల్లులో చూసుకోవాల్సినవి: చేవ భాగమే కావాలి, నడిమి గుండె పగులు ఉండకూడదు, జిగురు కారుతున్న పచ్చి పలక అసలు వద్దు. పచ్చిది నిమ్మపండు పసుపు, ఆరిన పాతది తేనె రంగు. తేమ మీటరు 11 శాతం చూపింది, ఈ ఎండల్లో అది సబబే. 560 మి.మీ. పొడవు, 180 మి.మీ. వెడల్పు, 40 మి.మీ. మందం గల పలకలు రెండు.

చిత్రిక పట్టేటప్పుడు పనస మొండికేస్తుంది. పోగు పట్టీ పట్టీగా అటొకటి ఇటొకటి తిరిగి ఉంటుంది. ఒక పట్టీకి సాఫీ అయిన దిక్కు పక్క పట్టీకి ఎదురు. పేళ్లు లేస్తాయి. బ్లేడు బాగా సానపట్టి, చిత్రికను ఏటవాలుగా పట్టుకుని, కాగితమంత పొర తీస్తూ 37 మి.మీ. దాకా వచ్చాం. మిగతా 1 మి.మీ. 80 నంబరు ఎమరీ పేపరుతోనే. చివరి మందం 36.

రెండు పలకల అతుకు ఫెవికాల్ ఎస్.హెచ్.తో వేశాం. తెల్లవారుజామున 5 గంటలకు. మే నెల బెజవాడలో మధ్యాహ్నం పెడితే క్లాంపు తిప్పేలోపే జిగురు పైన తొక్క కడుతుంది. నాలుగు క్లాంపులు, 24 గంటలు.

మే 16. లోపల గదులు

బేస్ ఒంటి పైముఖం విస్తీర్ణం దాదాపు 1080 చదరపు సెంటీమీటర్లు. 44 మి.మీ. మందంలో మొత్తం పనసే అయితే ఒక్క ఒళ్లే 2 కిలోల 800 గ్రాములు దాటుతుంది. మెడ, తీగలు బిగించే కీలు, బ్రిడ్జి కలిస్తే భుజం పడిపోతుంది. అందుకే విమానం రెక్క పద్ధతి: లోపల దూలం, అడ్డ పక్కటెముకలు, మధ్య ఖాళీలు, పైన తొడుగు.

నడుమ 110 మి.మీ. పట్టీ గట్టిగా వదిలాం. మెడ, పికప్, బ్రిడ్జి మూడూ దాని మీదే. చుట్టూ గోడ 18 మి.మీ., ఎముకలు 10 మి.మీ. గదులన్నీ కలిపి 280 చదరపు సెంటీమీటర్లు, 36 మి.మీ. లోతూ ఆరపార జిగ్ సాతో కోశాం. సుమారు 600 గ్రాముల చెక్క బయటికి పోయింది. పైనా కిందా 4 మి.మీ. మెరైన్ ప్లై మూత. 4, 36, 4 కలిపి 44.

ప్లై పెట్టింది మూతకోసమే కాదు. పనస అడ్డంగా తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. మే నుంచి ఆగస్టుకు 330 మి.మీ. వెడల్పులో రెండు మూడు మి.మీ. కదలిక వచ్చినా ఆశ్చర్యం లేదు. అల్యూమినియానికి తేమతో పని లేదు. నేరుగా పనస మీద రేకు అంటిస్తే వానాకాలంలో చెక్క సాగుతుంది, రేకు సాగదు. ఎక్కడో ఒక చోట ఊడుతుంది. ప్లైలో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి అది ఆ పోరును చాలావరకు మింగేస్తుంది.

బయటి ఆకారానికి 12 మి.మీ. ఎం.డి.ఎఫ్. (నొక్కిన చెక్కపొడి పలక) టెంప్లేట్, గీతకు 3 మి.మీ. బయట జిగ్ సా కోత, తర్వాత రౌటర్‌కు (చెక్క తొలిచే మిషన్) బేరింగ్ బిట్. ఒక్కో దఫాకు 8 మి.మీ. మించి దించొద్దు. పై కొమ్ము మలుపులో అడ్డపోగు దగ్గర రౌటర్ కాస్త తొందరపడి 40 మి.మీ. పేడు ఎగిరింది. ముక్క దొరికింది కాబట్టి అక్కడే అంటించాం. ఎలాగూ రేకు కింద దాక్కునేదే. వార్నిష్ గిటార్‌కైతే ఈ మాట అనలేం.

మే 24. తూకం

పైమూత అంటింది. మెడ గుంట 16 మి.మీ. లోతు, 63.5 మి.మీ. వెడల్పు. వెడల్పులో కాగితమంత సందు కూడా ఉండకూడదు. మెడను గుంటలో పెట్టి ఒళ్లు పైకెత్తితే స్క్రూ లేకుండానే వేలాడాలి. వేలాడింది. మెడ రెడీమేడ్ మేపుల్, 20 ఫ్రెట్లు (మెడ మీది అడ్డ లోహపు కడ్డీలు). కొన్న మెడను నమ్మకుండా కొలవాలి: నట్ (తల దగ్గర తీగలు ఆనే ముక్క) అంచు నుంచి 12వ ఫ్రెట్‌కు 431.8 మి.మీ. రావాలి. 432కు వెంట్రుకవాసి తక్కువ వచ్చింది, సరే.

వెనక మూత అంటించకముందే అన్నీ టేపుతో, స్క్రూలతో తాత్కాలికంగా తగిలించి తూకం చూడటం మంచిది. అంటించాక చేసేదేమీ ఉండదు. గుండ్రటి కర్ర మీద అడ్డంగా పెట్టి చూస్తే సమతూకం 15వ ఫ్రెట్ కింద, అంటే నట్ నుంచి 500 మి.మీ. దగ్గర తేలింది. పై కొమ్ము బొత్తాం 12వ ఫ్రెట్ ఎదురుగా ఉంది. లెక్కకు ఫర్వాలేదు, కానీ భుజాన వేసి చెయ్యి వదిలితే పట్టీ జారి మెడ నేలచూపు చూస్తోంది.

తప్పు డిజైన్‌లోనే ఉంది. తోక వైపు గది తీయకూడదు. మెడకు ఎదురు తూగేది ఆ భాగమే. తీయాల్సింది మెడ దగ్గరి భుజాల్లో. విమానాలు కట్టేవాళ్లకు ఇది మొదటి పాఠం. చెక్క కోసే ఉత్సాహంలో మాకు గుర్తు రాలేదు.

రెండు మార్గాలు. కీలు ఒక్కొక్కటి 125 గ్రాములున్నాయి. 75 గ్రాముల తేలిక కీలు వేస్తే తల దగ్గర 200 గ్రాములు తగ్గుతాయి, మొత్తం బరువూ తగ్గుతుంది. అదే ఉత్తమం, కానీ ఖరీదు. రెండోది ఆటోనగర్ మార్గం: టైరు షాపుల్లో చక్రాల బ్యాలెన్సింగ్‌కు అంటించే సీసపు ముక్కలు. 200 గ్రాములు తోక గదిలో ఎపాక్సీతో పాతేశాం. సమతూకం 20 మి.మీ. వెనక్కి జరిగి సరిగ్గా 16వ ఫ్రెట్ కిందికి వచ్చింది. 600 గ్రాములు తీసి 200 కలపడం తెలివైన పనేం కాదు, కానీ మెడ నిలబడింది. తర్వాత వెనక మూత అంటించాం. రేకు లేకుండా ఒంటి బరువు 2 కిలోల 350 గ్రాములు.

జూన్ 3. రేకు ఎక్కడిది

పెద్ద మోడల్ విమానాలు కట్టేవాళ్లు చాలాకాలంగా వాడేది వాడేసిన ఆఫ్‌సెట్ ప్రింటింగ్ ప్లేట్లు. బెజవాడలో వాటికి కరువేం ఉంది? పుస్తకాలు, పంచాంగాలు, కరపత్రాలు, పెళ్లిపత్రికలు. ప్రెస్సుల్లో పని అయిపోయిన ప్లేట్లు కిలోల లెక్కన పాతసామాను బండికి పోతాయి. మైక్రోమీటరు తీసుకెళ్లాలి: చిన్న మిషన్ల ప్లేటు 0.15 మి.మీ., పెద్ద మిషన్లది 0.3 మి.మీ. ముందువెనకలకు 0.3, అంచు మలుపులకు 0.15 ఏరుకున్నాం. మడత పడ్డది, మూల వంగింది వద్దు. మడత గీత ఎంత తోమినా పోదు.

ఇది దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం. అసలు విమానాల రేకు గట్టి మిశ్రమ లోహమే అయినా, తుప్పు పట్టకుండా దాని పైన పల్చటి స్వచ్ఛ అల్యూమినియం పొర వేసేవారు. మెరుపు ఆ పొరదే. కాబట్టి ప్రెస్సు రేకు పోలిక నటన కాదు.

ప్లేటుకు రెండు ముఖాలు ఒకటి కావు, ఈ పనిలో ముఖ్యమైన సంగతి ఇదే. అచ్చు పడే ముఖాన్ని గరుకు చేసి అనోడైజ్ చేస్తారు. సిరా, నీళ్లు పట్టడానికి. వెనక ముఖం నున్నటి లోహం. గరుకు ముఖం జిగురును గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి అది లోపలికి. నున్నది బయటికి. దీని పర్యవసానం ఒకటి వైరింగ్ రోజున తగులుతుంది: అనోడైజ్ పొరలో కరెంటు పారదు.

కిరసనాయిలుతో సిరా, ఎసిటోన్‌తో పూత తుడిచాం. ఒక ప్లేటు పంచాంగం పేజీది. తుడిచినా వర్జ్యాల పట్టిక నీడలా మిగిలింది, అదీ సూటిగా చదివేలా. ఆఫ్‌సెట్‌లో ప్లేటు మీద అక్షరాలు సూటిగానే ఉంటాయి. రబ్బరు బ్లాంకెట్ మీద తిరగబడి, కాగితం మీద మళ్లీ సూటిగా పడతాయి. ఆ రేకు ఇప్పుడు గిటార్ వెనక, లోపలి ముఖాన ఉంది.

జూన్ 8. కాల్చి మెత్తబరచడం

ప్లేటు బిరుసుగా వస్తుంది. అలాగే మలుపు చుట్టూ వంచితే పుటుక్కున పగులుతుంది. మెత్తబడాలంటే 350 డిగ్రీల దాకా వేడెక్కాలి. అల్యూమినియం 660 దగ్గర కరుగుతుంది, కానీ ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, చూస్తుండగానే జారిపోతుంది. పాత చిట్కా బట్టల సబ్బు. నున్నటి ముఖాన సబ్బుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, వెనక నుంచి బ్లో ల్యాంపు ఆడిస్తూ పోవాలి. గీతలు ముదురు గోధుమ రంగుకు తిరిగి నల్లబడబోతుంటే చాలు, మంట ముందుకు జరపాలి. మంట ఒకే చోట ఆగితే చిల్లే. రెండు పట్టీలు చిల్లులు పడ్డాక చెయ్యి కుదిరింది.

కాల్చింది అంచు పట్టీలు, కొమ్ము తొడుగు మాత్రమే. ముందు, వెనక పెద్ద రేకులు కాల్చొద్దు. మెత్తబడితే వేలి నొక్కుకే సొట్ట పడతాయి.

జూన్ 21. మొదటి తొడుగు, మొదటి ఓటమి

జిగురు ఫెవికాల్ ఎస్.ఆర్. 998, అంటే సన్‌మైకా అంటించే రబ్బరు జిగురు. ఎపాక్సీ కాకుండా ఇదే ఎందుకంటే ఆరాక కూడా రబ్బరులా సాగుతుంది. చెక్క కదిలితే కొంత ఓర్చుకుంటుంది. రెండు ముఖాలకూ రాసి, వేలికి అంటకుండా ఆరాక, ఒక అంచు నుంచి దించుకుంటూ రబ్బరు రోలరుతో అదమాలి. ఒకసారి తగిలితే జరపడం ఉండదు. అందుకే మధ్యలో పాలిథీన్ కాగితం పరిచి, రేకును గుర్తులకు సరిపెట్టి, కాగితాన్ని కొంచెం కొంచెం లాగుతూ అంటించాం.

వెనక రేకు అద్దంలా కూర్చుంది. మర్నాడు ఎండలో గంటసేపు పెడితే మూడు చోట్ల పూరీలా పొంగింది.

కారణం ఇది. సన్‌మైకా అయితే జిగురులో మిగిలిన థిన్నర్ దాని వెనక ముఖంలోకి, చెక్కలోకి ఎంతోకొంత ఇంకిపోతుంది. ఇక్కడ పైన లోహం, కింద నీటిని ఆపే మెరైన్ ప్లై. డబ్బా మీది లెక్కన పావుగంట ఆరబెట్టినా, అప్పటికే వాన మొదలై గాలిలో తేమ నిండి ఉంది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు జిగురు ముఖం చల్లబడి దాని మీద సన్నటి చెమ్మ పడుతుంది. జిగురు తెల్లగా మబ్బు పట్టినట్టు కనిపిస్తుంది. అడుగున థిన్నర్, పైన చెమ్మ. ఎండ తగలగానే ఆవిరి దారి వెతుక్కుంది.

ఊడదీశాం. ఊడదీసిన రేకు మళ్లీ పనికిరాదు. రెండోసారి: ఒక మందపాటి పూత బదులు రెండు పల్చటి పూతలు, మొదటిది రాత్రంతా ఆరనిచ్చి, రెండోది 30 నిమిషాలు. వాన లేని పొడి పూట చూసుకుని. తెల్లటి మబ్బు కనిపిస్తే హెయిర్ డ్రయ్యర్ చల్లటి గాలి కాదు, గోరువెచ్చని గాలి. రోలరు నడిమి నుంచి అంచులకు.

అంటిందో లేదో తెలుసుకోవడానికి విమానాల వర్క్‌షాపుల్లో చేసే నాణెం పరీక్షే ఇక్కడా. రూపాయి బిళ్ల అంచుతో వరసగా తట్టుకుంటూ పోవాలి. అంటిన చోట టక్ టక్ అని గట్టి చప్పుడు, ఊడిన చోట డబ్ అని బోలు చప్పుడు. అయితే లోపల గదులున్న చోట కూడా కొంత బోలుగానే మోగుతుంది. కాబట్టి రేకు వేయకముందే ప్లైని తట్టి గదుల చప్పుడు చెవికి పట్టించుకోవాలి.

జూన్ 30. అంచులు

చుట్టుకొలత సుమారు 1.55 మీటర్లు. ఒక ప్లేటు పొడవులో రాదు, మూడు పట్టీలు. అతుకులు మెడ గుంట దగ్గర, తోక బొత్తాం దగ్గర, కింది నడుము దగ్గర పడేలా చూశాం. విమానం మీద అతుకు ఎక్కడున్నా పానెల్ గీతే కాబట్టి సిగ్గుపడాల్సింది లేదు.

మొదట పక్క పట్టీలు, వాటి మీదికి ముందు రేకు అంచు 4 మి.మీ. దిగి మడత పడాలి. చెప్పినంత తేలిక కాదు. బయటికి వంగిన చోట మడతకు రేకు ఎక్కువై ముడతలు పడుతుంది. లోపలికి వంగిన చోట చాలక పగులుతుంది. ముడతలను వెదురు చెక్కతో కొద్దికొద్దిగా రుద్దుతూ దించొచ్చు, ఓపిక ఉంటే లొంగుతాయి. పగులుకు మందు లేదు. కింది కొమ్ము లోపలి మలుపులో రెండుసార్లు పగిలింది. చివరికి అక్కడ ముందు రేకును అంచు దగ్గరే ఆపి, కాల్చిన 0.15 రేకుతో విడిగా చిన్న తొడుగు చేసి మీద కప్పాం. దానికోసం ఆ మలుపు ఆకారంలో పనస ముక్క చెక్కి, దాని మీద కొయ్య సుత్తితో తట్టి రూపం తెచ్చాం.

కోసిన అంచు ప్రతిదీ కత్తే. 400 ఎమరీతో కొసలన్నీ మొద్దు చేసేదాకా చేతికి తొడుగులు తీయొద్దు.

తొడుగంతా కలిపి 210 గ్రాములు.

జూలై 6. పానెల్ గీతలు, రివెట్లు, ఒక చీలిక

పెన్సిల్ గీత మీద స్టీలు స్కేలు ఆనించి, మొద్దుబారిన కంపాస్ ముల్లుతో రెండుసార్లు లాగితే గీత. రేకు తెగకూడదు, పల్లం పడాలి. రివెట్లకు 18 నంబరు ఇంజక్షను సూది. మొనను సానరాయి మీద బల్లపరుపుగా అరగదీసి నిలువుగా నొక్కి కొంచెం తిప్పితే 1.2 మి.మీ. గుండ్రటి ముద్ర, అచ్చం లోపలికి దించిన రివెట్ తల. ఎడం 8 మి.మీ. దర్జీల ట్రేసింగ్ చక్రం కూడా ప్రయత్నించాం. వేగంగా పడుతుంది గానీ చుక్కలు కుట్టులా కనిపిస్తాయి, రివెట్‌లా కాదు. ముద్ర లోతు చేతిని బట్టి మారుతుంది కాబట్టి ఒక వరస ఒకే విడతలో పూర్తి చేయాలి.

అంతా గీతలతో నింపేయాలని చెయ్యి పీకుతుంది. నాట్ ఫోటోలు దగ్గర పెట్టుకుని చూస్తే రివెట్ కనిపించేది తక్కువ, మూతలు, తలుపులు ఎక్కువ. సగం పెన్సిల్ గీతలు చెరిపేశాం.

ఒక గీత మాత్రం అలంకారం కాదు. పికప్ చుట్టూ రేకు పూర్తి ఉంగరంలా ఉంటే, కాయిల్ పక్కన అది మూసిన చుట్టులా పనిచేస్తుంది. తీగ కంపించినప్పుడు దానిలో కరెంటు తిరిగి పైస్థాయి నాదాన్ని కొంత మింగుతుంది. పికప్ గుంట చుట్టూ 3 మి.మీ. సందు వదిలి, గుంట నుంచి కింది అంచు దాకా రేకును 0.5 మి.మీ. వెడల్పున నిజంగానే తెగ్గోశాం. చూసేవారికి అదీ పానెల్ గీతే.

జూలై 19. పైపూత నమూనాలు

చెమట పట్టిన మోచేతికి ఉత్త అల్యూమినియం నిలవదు, చొక్కాకు నల్లటి మసి కూడా అంటుతుంది. నాలుగు ముక్కల మీద పరీక్ష పెట్టాం, పది రోజులు ఉప్పునీళ్లు చల్లుతూ. ఉత్త రేకు మీద తెల్ల పొక్కులు. మైనం రుద్దినది బాగానే ఉంది కానీ వారానికోసారి రుద్దాలి. అద్దంలా పాలిష్ చేసి రెండు భాగాల పి.యు. క్లియర్ (పాలీయూరిథేన్ పారదర్శక పూత) కొట్టినది చూడ్డానికి అద్భుతం. బ్లేడుతో 2 మి.మీ. గళ్లు గీసి సెల్లోటేపు అంటించి లాగితే పొరలుగా వచ్చేసింది. స్కాచ్‌బ్రైట్‌తో ఒకే దిక్కుగా రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి, అదే క్లియర్ కొట్టినది ఒక్క గడి కూడా ఊడలేదు. మెరుపు కాస్త మందగిస్తుంది. అదే మంచిది. డ్యూటీలో ఉన్న విమానం అద్దంలా ఉండదు. అద్దంలా మెరిసేది మ్యూజియం విమానం.

జూలై 27. రౌండెల్, క్లియర్

వాయుసేన రౌండెల్: నడుమ ఆకుపచ్చ, దాని చుట్టూ తెలుపు, బయట కాషాయం. జెండా వరస గుర్తుపెట్టుకుని ఆకుపచ్చ బయట వేసేవాళ్లు ఉన్నారు, చూసుకోండి. ఇక్కడి కొలతలు 90, 60, 30 మి.మీ. వ్యాసాలు. కింద లోహాన్ని పట్టుకునే ఎచింగ్ ప్రైమర్ పల్చగా, తర్వాత 90 గుండ్రం మొత్తం తెలుపు, ఆ తర్వాత మాస్కులు. తెలుపు అడుగున లేకపోతే కాషాయం ఇటుక రంగులోకి తిరుగుతుంది. అసలు విమానం నంబరు ఏదీ వేయలేదు. ఒక్కో నంబరు వెనక ఒక పైలట్ ఉంటాడు.

క్లియర్ ఆటోనగర్‌లో కారు పెయింటింగ్ బూత్‌లో కొట్టాం. పి.యు. హార్డెనర్‌కు నీళ్లంటే పడదు: తేమ తగిలితే దానితో కలిసి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది, పూతలో సూదిమొన బుడగలు. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు ముందే వదిలేయాలి, గొట్టానికి తేమ వడపోత ఉండాలి. రెండు పల్చటి పూతలు, మధ్య 20 నిమిషాలు. మామూలు గుడ్డ మాస్కు ఈ పనికి చాలదు, బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్నదే పెట్టుకోవాలి. బ్రిడ్జి కింద 20 మి.మీ. చదరం, ప్రతి రేకుకూ లోపలి వైపు ఒక స్క్రూ చుట్టూ కాస్త చోటు టేపుతో కప్పాం, అక్కడ పూత పడకూడదు.

ఆగస్టు 3. వైరింగ్

వాల్యూమ్, టోన్ రెండూ 250 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్లు (తిప్పే కంట్రోళ్లు), టోన్‌కు 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్. పికప్ రెండు ముక్కలు కలిపి 10.6 కిలో ఓమ్‌లు. గుంటల లోపల రాగి టేపు.

లోహపు ఒళ్లు ఎర్త్‌కు కలిస్తే కవచం, కలవకపోతే యాంటెన్నా. వెనక రేకు, చీలిక దగ్గరి ముందు రేకు, మూడు పక్క పట్టీలు, కొమ్ము తొడుగు: ఒక్కోదాన్నీ విడివిడిగా కలపాలి. అల్యూమినియానికి టంకం అంటదు. రింగ్ లగ్గు, పళ్ల వాషరు, స్క్రూ. ఇక్కడే అనోడైజ్ ముఖం అడ్డం వస్తుంది. లగ్గు ఆనే చోట లోపలి గరుకు పొరను ఎమరీతో గీకి మెరిసే లోహం బయటికి తేవాలి. మల్టీమీటర్‌లో జాక్ ఎర్త్ నుంచి ప్రతి రేకుకూ 1 ఓమ్ లోపు రావాలి. పక్క పట్టీల్లో ఒకదానికి కనెక్షనే లేదని చూపింది. అక్కడ గీకడం మరిచాం.

యాంప్‌కు తగిలించి చూస్తే హమ్ (కరెంటు రొద) ఉంది, ఊహించినదానికంటే ఎక్కువే. ప్రెసిషన్ పికప్‌లో ఒక ముక్క ఇ, ఎ తీగలకు, రెండోది డి, జి తీగలకు. అయస్కాంతాలు, చుట్ల దిక్కు రెండింటిలోనూ ఎదురెదురు. సరిగా కలిపితే బయటి రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒక ముక్క వైర్లు తారుమారైతే రొద రెట్టింపవుతుంది, కానీ శబ్దం మాత్రం ఏమీ పల్చబడదు. ఒక్కో తీగను ఒక్క ముక్కే వింటుంది కదా. అందుకే ఈ తప్పు చెవికి దొరకదు, హమ్‌లోనే దొరుకుతుంది. డి, జి ముక్క వైర్లు రెండూ అటూ ఇటూ మార్చాం. నిశ్శబ్దం.

మన మెయిన్స్ 50 హెర్ట్జ్. బేస్ ఇ తీగ మూడో ఫ్రెట్‌లో పలికే జి 49 హెర్ట్జ్. హమ్ మిగిలి ఉంటే ఆ ఒక్క స్వరం సెకనుకోసారి ఊగినట్టు వినిపిస్తుంది. పరీక్షకు అంతకంటే మంచి స్వరం లేదు.

ఇంకో మాట. మామూలు గిటార్‌లో తీగలు, బ్రిడ్జి మాత్రమే ఎర్త్‌కు కలిసి ఉంటాయి; ఇక్కడ వాయించేవాడి పొట్ట, మోచెయ్యి అంతా ఎర్త్ మీదే. యాంప్ పెట్టే సాకెట్‌లో ఎర్త్ పిన్ అలంకారానికి ఉంటే ప్రాణం మీదికొస్తుంది. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. రాకపోతే ఆ గదిలో వాయించొద్దు. పందిరి కిందా, గుడి ఉత్సవాల్లో జనరేటర్ మీదా అసలే వద్దు.

ఆగస్టు 10. సెటప్

తీగల మందం 45, 65, 85, 105 (అంగుళంలో వెయ్యో వంతుల్లో). మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్పు), చివరి ఫ్రెట్ దగ్గర వేలు. 8వ ఫ్రెట్ దగ్గర సందు 0.6 మి.మీ. ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) పావు తిప్పు బిగించి ఒక రాత్రి వదిలాం, ఇంకో పావు, 0.3కు వచ్చింది. 17వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు ఇ వైపు 2.4, జి వైపు 2.0. పికప్ ఎత్తు చివరి ఫ్రెట్ నొక్కి చూస్తే 3 మి.మీ. చిల్లర. ఇంటొనేషన్‌లో (ప్రతి ఫ్రెట్‌లో శ్రుతి సరిపెట్టడం) జి శాడిల్ (బ్రిడ్జిలో తీగ ఆనే ముక్క) 34 అంగుళాలకు 2 మి.మీ. వెనక, ఇ శాడిల్ దాదాపు 6 మి.మీ. వెనక నిలిచింది. మొత్తం బరువు 4 కిలోల 300 గ్రాములు. లక్ష్యం 4 కిలోలు. తేలిక కీలు కొనేదాకా ఇంతే.

శబ్దం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పికప్ చేసే పనిలో చెక్క వాటా చిన్నది. చీలిక ఉన్నప్పుడు, చీలిక మీద రాగి టేపు అంటించి మూసినప్పుడు రికార్డు చేసి పోల్చాం. పైస్థాయిలో కొద్దిపాటి తేడా ఉంది, తెలిసి వింటే తప్ప పట్టుకోలేం.

ఆగస్టు 24. వానల తర్వాత తట్టి చూడటం

రూపాయి బిళ్లతో ఒళ్లంతా మళ్లీ తట్టాం. ముందు రేకు పూర్తిగా గట్టిగా ఉంది. వెనక, నడుము అతుకు పక్కన 40 మి.మీ. పొడవున బోలు చప్పుడు. తోక దగ్గర గోరంత ఇంకొకటి. అతుకు పక్కనిదానికి అంచు సందులోంచి ఇంజక్షనుతో పల్చటి ఎపాక్సీ ఎక్కించి, తడి ఆరేదాకా చెక్క ముక్కతో క్లాంపు బిగించాం. తోకది ముట్టుకోలేదు. దానికి చేరాలంటే రేకుకు చిల్లు పెట్టాలి, జబ్బు కన్నా మందు ఎక్కువవుతుంది. చుట్టూ మార్కర్‌తో సన్నటి గుండ్రం గీసి తేదీ వేశాం. దసరా దాటి గాలి పొడిబారాక మళ్లీ తట్టి, గుండ్రం దాటి పాకిందో లేదో చూడాలి.